తాసీల్దారు కుట్టిన చెప్పులు

నానిన బొరుగులు పిండి తిరగమోతలో వేసేలోపలే వాకిట్లో గేటు చప్పుడైంది. దీవెనమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. వచ్చింది భర్త కృపానందం. పులివెందుల తాసీల్దారు బుధవారం పొద్దున్నే జమ్మలమడుగులో ఇంటి ముందు నిలబడడమేమిటి? అదీ వెనక డవాలు బంట్రోతు లేకుండా, బస్సు దిగి, ట్రంకు పెట్టె తనే మోసుకుంటూ!

అరుగు మీద పేపరు చదువుతున్న మామగారు దేవపాలు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. ఆయన మిషను బడిలో హెడ్మాస్టరు చేసి దిగిపోయిన మనిషి, చర్చికి సంఘపెద్ద. ఆ ఊరి విశ్వాసుల్లో ఆయన బెత్తం రుచి చూడనివాళ్లు తక్కువ.

"ఏం కిరుపా, ఈ పక్క క్యాంపు పడిందా?"

"క్యాంపు కాదు నాయినా. వచ్చేసినా. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినా."

పేపరు కిందికి జారింది. దీవెనమ్మ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. పొయ్యి మీద తిరగమోత మాడుతున్న వాసన వస్తున్నా ముగ్గురిలో ఎవరికీ పట్టలేదు.

"ఎవరన్నా ఏమన్నా అన్యారా? సస్పెండు చేసినారా?" అందామె.

"ఎవరూ ఏమీ అనలేదు. నేనే ఇడిసిపెట్టినా. ఇంగ ఈ ఊర్లోనే ఉంటా. ఆసుపత్రిలో కుష్ఠురోగుల వార్డు ఉండాది గదా, ఆడ పని చేస్తా. డాక్టరమ్మతో మాట్లాడినా."

"వార్డులో నువ్వేం చేస్తావు? డాక్టరువా, కాంపౌండరువా?" అన్నాడు దేవపాలు.

కృపానందం ట్రంకు పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నలభై ఏడేళ్ల మనిషి, రెవెన్యూ బోర్డు ముందు కూడా తడబడని మనిషి, తండ్రి ముందు గొంతు సవరించుకున్నాడు.

"చెప్పులు కుడతా నాయినా."

రాష్ట్రాలు కలిసి కచేరీలన్నీ కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన మరుసటి ఎండాకాలం అది. తాసీల్దారంటే తాలూకాకు రాజే. అటువంటి కుర్చీ దిగి చెప్పులు కుడతానంటే ఏ తండ్రయినా మండిపడతాడు. కానీ దేవపాలు మండడానికి వేరే కారణం ఉంది, అది చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన తండ్రి మాదిగపాలెంలో చెప్పులూ, బావుల్లో నీళ్లు తోడే కపిల బానలూ కుట్టి బతికాడు. పచ్చి తోలు కంపులో పెరిగిన దేవపాలు మిషను బడి గడప తొక్కి, చదివి, పంతులై, ఆ వాసన ఒంటి మీద నుంచి వదిలించుకోవడానికి సగం జీవితం ఖర్చు పెట్టాడు. తోలు బెల్టు కూడా కట్టని మనిషి. కొడుకు తాసీల్దారైన రోజు చర్చిలో ఊరందరి ముందు నోరు తెరిచి ఏడ్చాడు.

"మల్ల ఒకసారి చెప్పు," అన్నాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"కుష్ఠురోగులకు కాళ్లల్లో స్పర్శ ఉండదు నాయినా. ముల్లు దిగినా తెలీదు, కాలినా తెలీదు. మామూలు చెప్పుల్లో మేకు పైకి లేస్తే పొద్దంతా దాని మీదే నడుస్తారు. వాళ్లకు మేకుల్లేకుండా, మెత్తటి రబ్బరు పెట్టి, ఒక్కొక్కరి కాలికి తగినట్ల కుట్టాల. మొన్న ట్రైనింగని చెప్పి వేలూరు పోయింది అది నేర్చుకునేదానికే."

"నేను బయటపడిన గుంతలోకి నువ్వు నడిచి పోతాండావు!" దేవపాలు లేచి నిలబడ్డాడు. "మా నాయన చెప్పులు కుట్టేవాడే గానీ ఒక్కనాడు ఏసుకోలేదురా! రెడ్ల వీధి వస్తే చేత పట్టుకోని పోయేవాడు. ఆయప్ప మనవడి ముందర తాలూకా అంతా చెప్పులిడిచి నిలబడుతుంటే నా కడుపు నిండె. ఇప్పుడు ఏం పెట్టుకోని బతకల్ల నేను?"

"అందుకే నాయినా ఇడిసిపెట్టింది! నా ముందర చెప్పులిడిచి నిలబడినందుకే!"

ఆ మాట విసురుగా వచ్చింది. తర్వాత కృపానందం అరుగు మెట్టు మీద కూలబడి, పోయిన ఎండాకాలం సంగతి చెప్పాడు. వేంపల్లె దగ్గర పల్లె నుంచి నరసమ్మ అనే ముసలామె పట్టా కోసం తన కచేరీకి వచ్చింది. పిలిచేదాకా ఉండమన్నారు. తాసీల్దారు కచేరీ గదా, చెప్పులు గేటు దగ్గరే విడిచింది. వాకిట పరిచిన నల్లబండల మీద, నడినెత్తిన ఎండలో, చేతులు కట్టుకుని నిలబడింది. లోపల తను ఫ్యాను కింద ఫైళ్లు చూస్తున్నాడు. పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది.

"నవ్వుతా లోపలికి వచ్చింది నాయినా. స్తోత్రం దొరా అనింది. వెనక చూస్తే, నడిచిన కాడల్లా నెత్తురు. అరికాళ్ల తోలు బండకే అంటుకుపోయింది. ఆమెకు తెలీదు. నేనే మా బంట్రోతుతో ఈ ఊరి ఆసుపత్రికి పంపిస్తి. ఒక పాదం సగం తీసేసినారు. ఆ కుర్చీలో మల్ల సుఖంగా కూచోలేకపోతి."

దేవపాలు వంగి, జారిన పేపరు తీసుకున్నాడు. మనసు కరగలేదని కాదు. కరిగింది. కానీ ఆ కరిగినదాన్ని చూపిస్తే కొడుకు చేసింది సరేనని ఒప్పుకున్నట్టే గదా! లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడడం మానేశాడు.

దీవెనమ్మ మాత్రం మాట్లాడడం మానే రకం కాదు.

"నాకొక్క మాట చెప్పింటే ఏం పోయె? డాక్టరమ్మకు తెలిసినాక నాకు తెలియాల్నా?"

"చెప్తే వద్దంటావని..."

"అంటా. అని, ఏడ్చి, మల్ల సరే అంటా. ఆ ఏడ్చే వంతు కూడా లేకుండా చేస్తిరి!"

ఆమె బాధ అబద్ధం కాదు. నిన్నటిదాకా స్త్రీల కూటంలో తాసీల్దారమ్మకు ముందు చాప వేసేవాళ్లు. ఇప్పుడు ఆమె కూర్చుంటే పక్కవాళ్లు చీర కొంగు సర్దుకుంటున్నారు. ఒకావిడ నేరుగానే అడిగింది, మీ ఆయనకు తల తిరుగుడు ఏమన్నా ఉందా అని. "ఉండాదమ్మా, మంచి పక్కకే తిరిగింది," అని దీవెనమ్మ ఆమె నోరు మూయించి, ఇంటికొచ్చి గుండెలు పగిలేలా ఏడ్చింది. మర్నాడు క్యారియరులో జొన్నరొట్టె, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిమిండి పెట్టుకుని వార్డు వెనక రేకుల గదికి తనే వెళ్లింది. భర్త నేల మీద కూర్చుని, ఒక రోగి పాదం ఒళ్లో పెట్టుకుని కాగితం మీద కొలత గీస్తున్నాడు. ఫైళ్ల ముందు ఆ మొహంలో అంత శ్రద్ధ ఆమె ఎన్నడూ చూడలేదు. ముందు తినమని అరిచి, ఆయన తింటుండగా కత్తెర తీసుకుని రబ్బరు కోయడం మొదలుపెట్టింది.

మొదటి జత నరసమ్మకే. ఆసుపత్రిలోనే ఉండిపోయిన ఆ ముసలామె వాటిని వేసుకుని వార్డంతా తిరిగి అందరికీ చూపించింది. "తాసీల్దారు కుట్టిన చెప్పులే! మీ తాతలకన్నా దొరికిన్యా?" అని గొప్పలు పోయింది. పుండు మానుతూ వచ్చింది. ఒక సోమవారం కట్టు విప్పితే మళ్లీ పొక్కులు.

"చెప్పులు ఇడిచినావా అవ్వా?"

"లేదు నాయనా! పండుకునేప్పుడు కూడా తలకాడే పెట్టుకుంటా. నిన్న చర్చికి పోయినప్పుడే గేటు కాడ ఇడిస్తి. దేవుని ముందర చెప్పులతోనా?"

కృపానందం తల పట్టుకున్నాడు. గేటు నుంచి చర్చి మెట్ల దాకా పరిచింది నల్లబండలే. ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. కచేరీలో జరిగిందే చర్చిలోనూ జరుగుతోంది. వార్డు నుంచి వచ్చేవాళ్లంతా అలాగే నడుస్తున్నారు. కొలతలన్నీ సరిగ్గా తీసుకున్నవాడు ఈ గౌరవం సంగతే మరిచిపోయాడు.

ఆ సాయంత్రం తండ్రి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "నాయినా, కొడుకుగా రాలేదు. సంఘపెద్దతో మాట్లాడాలని వచ్చినా. వార్డు వాళ్లను చెప్పులతోనే చర్చి లోపలికి రానియ్యండి."

చాలా రోజుల తర్వాత దేవపాలు నోరు విప్పాడు. "దేవుని మందిరంలోకి తోలు తేవల్నా? దొరలు కూడా చెప్పులు బయట ఇడిచే చర్చిరా ఇది. నీ పని నీ రేకుల గదిలో చేసుకో. నా చర్చి జోలికి రావాకు."

వంటింట్లోంచి దీవెనమ్మ గొంతు వినపడింది. "మామా, మీకు కొడుకు మీద కోపమా, తోలు మీద కోపమా?"

ఎదురుచెప్పని కోడలు ఆ మాట అనేసరికి దేవపాలు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె నాలుక కరుచుకుంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం ఆరాధన ముగిసింది. అలవాటు ప్రకారం దేవపాలు చర్చి మెట్ల మీద, నీడలో నిలబడి ఒక్కొక్కరినీ పలకరించి పంపుతున్నాడు. వార్డు వాళ్లు చివర. నరసమ్మ మెట్లు దిగి బండల మీదికి పోయింది. ఆయనకు ఏం తోచిందో ఏమో, వెనక నుంచి పిలిచాడు.

"నరసమ్మా, పుండు ఎట్లుండాది?"

సంఘపెద్ద పిలిస్తే నడుస్తూ బదులిస్తారా? ఆమె ఆగి, తిరిగి, చేతులు కట్టుకుంది. "మీ కొడుకు దయ అయ్యా. బంగారు చేతులు. నా కన్నబిడ్డ కూడా ఈ కాళ్లు ముట్టుకోల్యా..." అని మొదలుపెట్టి, నవ్వుతూ చెబుతూనే ఉంది.

వినడానికని దేవపాలు మెట్టు దిగి బండ మీద కాలు పెట్టాడు. పెట్టగానే చురుక్కుమంది. నిప్పు తొక్కినట్టయి ఎగిరి వెనక్కి, నీడలోకి దూకాడు. ఆమె మాత్రం అదే బండ మీద కదలకుండా నిలబడి, ఆయన కొడుకును పొగుడుతోంది. పెద్దాయన పలకరించాడు గదా, పొమ్మనేదాకా ఎట్లా పోతుంది?

కొడుకు మెట్టు మీద కూలబడి చెప్పినప్పుడు చెవులతో విన్నది ఇప్పుడు ఆయన అరికాలిలో మండింది. కచేరీలో కుర్చీ మీద ఉన్నవాడు తన కొడుకు. ఇక్కడ మెట్టు మీద ఉన్నవాడు తను.

"నిలబడాకు!" అని అరిచాడు. "నిలబడాకు తల్లీ, నీడకు రా!"

చెయ్యి పట్టి ఆమెను మెట్టు మీదికి లాగి కూర్చోబెట్టాడు. తర్వాత ఆ కాలే బండల మీదే, పంచె ఎగ్గట్టి, డెబ్బై దాటిన మనిషి గేటు దాకా గబగబా వెళ్లాడు. గోడ వారగా విడిచిన చెప్పుల్లోంచి ఆమె జతను వెతికి తీశాడు. ఎన్నేళ్లయిందో ఆ చేతులు తోలు ముట్టి. కుట్టును ఒకసారి బొటనవేలితో తడిమాడు. బిగువుగా, వరుసగా, మేకన్నదే లేకుండా ఉంది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని చూసిన కుట్టు అది. కళ్లు కమ్ముకున్నాయి.

ఊరంతా చూస్తుండగా సంఘపెద్ద దేవపాలు మెట్టు ముందు మోకాళ్లూని, కుష్ఠురోగి కాళ్లకు చెప్పులు తొడిగాడు. నరసమ్మ "వద్దయ్యా, పాపమయ్యా" అని ఏడుస్తూనే ఉంది.

లేచి జనం వైపు తిరిగాడు. బడిలో వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు అది.

"వచ్చే ఆదివారం నుంచి వార్డు వాళ్లు ఎవరూ గేటు కాడ చెప్పులిడిచేది లేదు. ఏసుకోనే లోపలికి రావాల, ముందు వరసలో కూచోవాల. ఎవరికన్నా అభ్యంతరముంటే నాతో చెప్పండి."

తలుపు దగ్గర దీవెనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆమె వెనక నిలబడ్డ కృపానందం మెట్లు దిగి వచ్చి, తండ్రి కాలిన పాదాలు చూసి, వంగబోయాడు. దేవపాలు ఆ రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. సూది పొడిచిన మచ్చలతో, మైనం అంటుకుని నల్లబడిన వేళ్లు. వాటిని పైకెత్తి, ఊరందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"మా నాయన చేతులురా ఇవి," అన్నాడు. "నా కొడుక్కొచ్చినాయి."