దుమ్ము ఎవరు తుడవమన్నారు?

"ఎవరు తుడవమన్నారు మిమ్మల్ని?"

కెమెరా రిపేరు షాపు కౌంటరు అవతల నిలబడ్డ అబ్బాయి నవ్వు సగంలో ఆగిపోయింది. అంతవరకూ అతను ఒక మంచి మాట కోసం ఎదురుచూస్తున్నాడు. కేబుల్ పెట్టే సాకెట్ వదులైందని ముందురోజు ఈ అమ్మాయి ఇచ్చి వెళ్ళిన కెమెరాకి సాకెట్ మార్చాడు. అంతటితో ఆగకుండా, లోపల సెన్సర్ మీద పేరుకున్న దుమ్మంతా ఓపిగ్గా తుడిచి, తళతళలాడే కెమెరాని చేతికిచ్చాడు.

"ఫ్రీగానే చేశానండీ," అన్నాడు, గొడవ బిల్లు గురించేమో అనుకుని.

"ఫ్రీగానా? చాలా సంతోషం! ఓసారి మా ఇంటికి కూడా వచ్చి, ఫ్రీగా గోడలు కూల్చేసి పొండి!"

"నేను తీసింది దుమ్మేనండీ."

"అది నా దుమ్ము!"

పైకి అనేశాక గానీ ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆమెకి తట్టలేదు. తన వంతు కోసం వెనకాల నిలబడ్డ పెద్దాయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ నవ్వు ఆపుకున్నాడు. షాపు అబ్బాయి మాత్రం నవ్వలేదు. అది ఆమెకి ఇంకా మంట పుట్టించింది. నవ్వి ఉంటే తిట్టడానికి ఇంకో కారణమైనా దొరికేది.

"మీరు ఆ మూలమలుపులో కళ్ళజోళ్ళ షాపులో చేస్తారు కదండీ?" అన్నాడతను నెమ్మదిగా. "రోజూ ఆ దారినే వస్తుంటాను. పొద్దస్తమానం మీరు చేసేది కూడా అదే కదా, అద్దాలు తుడవడం?"

"అడిగితే తుడుస్తాను. అడక్కుండా ఎవరి అద్దాలూ ముట్టుకోను!"

ఆమె కోపం కెమెరాది కాదు. ఒక గెలాక్సీది.

చంద్రుడు లేని రాత్రులన్నీ ఆమె తమ మేడ మీద చిన్న టెలిస్కోపుకి ఆ కెమెరా బిగించి, ఒకే గెలాక్సీని ఫోటోల మీద ఫోటోలు తీసింది. వీధి దీపం పనిగట్టుకుని వాళ్ళ మేడ మీదికే చూస్తుంది. అందుకని నాన్న నల్ల గొడుగు విప్పి, దీపానికి అడ్డంగా పట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. వాన లేదు, ఎండ లేదు, ఈ గొడుగేమిటని ఎదురింటావిడ అడిగితే, "మా అమ్మాయి గెలాక్సీకి దీపం తగలకూడదటమ్మా," అని ఎంతో మామూలుగా చెప్పేవాడు.

ఈలోగా తూర్పువైపు ఇంటివాళ్ళు ఇంకో అంతస్తు లేపారు. మిగతా వైపులా నీళ్ళ ట్యాంకులూ పెద్ద ఇళ్ళూ ముందునుంచే ఉన్నాయి. పక్కింటి స్లాబు పడగానే గెలాక్సీ కనబడే ఆ కాస్త మూల కూడా మూసుకుపోయింది. తీసినవే తీసినవి. మళ్ళీ తీద్దామంటే ఆ మేడకి ఆకాశం లేదు.

అన్ని ఫోటోలనూ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితే, మొదట కనబడేది ఉత్త నలుపు. అందులో దాక్కున్న కాస్త వెలుగునీ మెల్లగా పైకి లాగాలి. కొత్త కదా, ఆత్రంగా లాగింది. ఆకాశమంతా ఆకుపచ్చగా తేలింది. ఇంకోసారి లాగితే నక్షత్రాలు సబ్బు నురగలా ఉబ్బాయి. ఎన్నిసార్లు చెరిపి, ఎన్నిసార్లు మొదలుపెట్టిందో గానీ, చివరికి ఒక మధ్యాహ్నం తెర మధ్యలో మెలితిరిగిన పొగలాంటిది లేచింది. గెలాక్సీ! దాంతోపాటే ఫోటో నిండా గుండ్రటి బూడిదరంగు మరకలు కూడా లేచాయి. అన్నిటికన్నా పెద్దది సరిగ్గా చెయ్యిలా చాచుకున్న గెలాక్సీ మెలిక మీదే కూర్చుంది.

ఆకాశం చూసేవాళ్ళ క్లబ్బులో ఉన్న మాస్టారికి ఫోన్ చేసింది.

"అవి కెమెరాలో దుమ్ము నీడలమ్మా. ఫ్లాట్లు తీశావా?"

"అంటే ఏంటి సార్?"

"టెలిస్కోపు మూతికి తెల్లబట్ట కట్టి ఒక ఫోటో తీయాలి. అందులో దుమ్ము నీడలు తప్ప ఇంకేమీ ఉండవు. అది చూపిస్తే, ఏ నీడ ఎంత వెలుగు మింగిందో కంప్యూటరే లెక్కకట్టి తిరిగి ఇచ్చేస్తుంది. తీయలేదా? ఫర్వాలేదు, ఇప్పుడు తీసెయ్. అదే దుమ్ము అక్కడే ఉండాలి, అంతే. కెమెరాని మాత్రం ఎవర్నీ తుడవనివ్వకు."

కెమెరా అప్పటికే రిపేరు షాపులో ఉంది.

ఇదంతా ఆమె కౌంటరు దగ్గర నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. అతను పూర్తిగా విన్నాడు. విన్నాక అన్నాడు:

"మరి ఆ ఫ్లాట్లేవో మీరు ముందే తీసేసుకుని ఉంటే సరిపోయేది కదండీ?"

నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

"పోనీ, ఎడిటింగ్‌లో మరకలు తీసేద్దాం. పక్కన ఉన్న నలుపు కొంచెం తెచ్చి పూసేస్తే—"

"పూస్తే అది నీ పెయింటింగ్ అవుతుంది! ఆ మరక కింద ఉన్నది నా గెలాక్సీ. నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ!"

అంత కోపంలోనూ మీరు నువ్వైపోయిందని రోడ్డు మీదికి వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునేంత మర్యాద ఆ పూట ఆమెలో మిగల్లేదు.

ఇంట్లో అమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. "దుమ్ము తుడిచాడని తిట్టొచ్చావా? ఏ షాపో చెప్పవే. ఆ అబ్బాయికి మన అటక చూపిస్తాను."

నాన్న మాత్రం తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. "ఏమ్మా, బొమ్మ వచ్చిందా?"

"ఇంకా లేదు నాన్నా."

"నిదానంగానే రానీ," అన్నాడు. గొడుగు ఇంకా మేడమెట్ల దగ్గరే ఉంది. ఆమె దానివైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత రెండు మూడు రోజులకి అతను కళ్ళజోళ్ళ షాపుకి వచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అతను పెట్టుకున్న కళ్ళజోడు అద్దాల నిండా వేలిముద్రలు, చెమట మరకలు. చూస్తూ ఉండగానే ఆమె చేతులు దురద పెట్టాయి.

"అద్దాలు అలుక్కుపోయాయి," అంది ముభావంగా.

"ఉండనివ్వండి. నేను అడగలేదు కదా."

ఆమె అద్దాలు తుడిచే బట్టని టేబుల్ మీద విసిరికొట్టింది. "గొడవకి వచ్చారా?"

"లేదు. మీ దుమ్ము ఇచ్చి పోదామని వచ్చాను." జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "తుడిచే ముందు తెల్ల లైటు మీద ఒక ఫోటో తీస్తాం. తుడిచాక ఇంకొకటి. కస్టమర్‌కి ముందు ఎలా ఉందో, తరవాత ఎలా ఉందో చూపించడం మా షాపు పద్ధతి. ఆ రోజు మీరు చూపించనిస్తే కదా."

ఆమె పెన్‌డ్రైవ్ అందుకుంది. అతను లేచి, ఆ మసక అద్దాల్లోంచే దారి వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఒక బోర్డుకి గుద్దుకున్నాడు కూడా. థాంక్స్ చెప్పాలనిపించింది. చెప్తే కోపం పోయిందనుకుంటాడని ఊరుకుంది.

సాయంత్రం ఇంటికి పోగానే ఆ ఫోటో తెరిచింది. తెల్లటి తెర మీద నల్లటి చుక్కలు. తన మరకలు ఎక్కడున్నాయో చుక్కలూ సరిగ్గా అక్కడే! పోయిన మనిషి ఫోటో దొరికినట్టు కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. వెంటనే ఫ్లాట్ స్థానంలో పెట్టి బటన్ నొక్కింది.

మరుక్షణం రిపేరు బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది.

"ఏం ఇచ్చావ్ నాకు? మరకలకి కళ్ళొచ్చాయి!"

"కళ్ళా?"

"ప్రతి మరక మధ్యలో తెల్లగా ఒక గుడ్డు! ఫోటో నిండా కళ్ళు! అన్నీ నన్నే చూస్తున్నాయి!"

"చుక్కలు బాగా కనబడాలని మేం లెన్స్ రంధ్రం బాగా మూసి తీస్తాం. అందుకే చిన్నగా, గట్టిగా వచ్చాయి. మీ టెలిస్కోపులో అవే నీడలు వెడల్పుగా పరుచుకుంటాయి. రెండూ సరిపోవు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"ఇప్పుడే తట్టింది. రేపు లంచ్ టైంలో ల్యాప్‌టాప్ తీసుకుని మా షాపుకి రండి. ఎలాగూ తిడతారు. ఎదురుగా తిడితే కనీసం చెవి నొప్పి ఉండదు."

షాపు వెనక గదిలో విప్పిన లెన్సులు, చిన్న స్క్రూలు, ఒక టేబుల్ ల్యాంపు. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి, అతను అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

"మచ్చ ఎక్కడుందో నా ఫోటో చెప్తుంది," అన్నాడు. "ఎంత వెడల్పో మీ ఫోటో చెప్తుంది. ఒక్కో చుక్కనీ దాని నీడంత పరిచి, అంచులు మెత్తబరచి చూద్దాం. అన్నీ కుదిరితే అదే మీ ఫ్లాట్."

"ఫోటో మూలల్లో చీకటి ఉంది కదా, దాని సంగతో?"

"అది దుమ్ముది కాదు, టెలిస్కోపుది. ఇప్పుడు తీసినా వస్తుంది. తెల్లబట్ట ఏదైనా ఉందా?"

"నాన్న బనియన్ ఉంది."

"శుభ్రమైనదేనా?"

"తుడవాలని చూడకండి!"

అలా మొదలైన లంచ్‌లు ఆగలేదు. బాక్సు మూత మీద ఒకళ్ళు, బాక్సులో ఒకళ్ళు తింటూ, ఒక్కొక్క చుక్కనీ సరిచేశారు. గొడవ లేకుండా గడిచిన రోజు లేదు. నలుపు ఇంకొంచెం చిక్కగా ఉంటే బాగుంటుందని అతను మౌస్ జరపబోతే ఆమె ఆ చేతిని ఒక్కటి కొట్టింది.

"చెయ్యి తియ్! అలా నలుపు పెంచేస్తే గెలాక్సీ అంచులు పోతాయి."

"నల్లగా ఉంటేనే కదా అందం?"

"అందం కోసం కాదు తీసింది. ఉన్నది ఉన్నట్టు రావాలి."

ఒకరోజు వాన పట్టుకుంది. షాపు ముందు నీళ్ళు చిన్న కాలవలా పారుతున్నాయి. ఆమె లేచి, బయటికి చూసి, మళ్ళీ కూర్చుంది.

"గొడుగు తెచ్చుకోలేదా?"

"మా ఇంట్లో ఉన్నది ఒకటే. అది గెలాక్సీ డ్యూటీలో ఉంది." నాన్న సంగతి చెప్పింది. అతను పడీ పడీ నవ్వాడు. అతను అలా నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

"నవ్వకండి."

"మళ్ళీ 'అండి'లోకి వెళ్ళిపోయారేంటి? కోపం తగ్గిందా?"

"తగ్గలేదు."

"అమ్మయ్య," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో అడుగుదామనుకుంది. కానీ అప్పటికి మిగిలింది గెలాక్సీ చెయ్యి మీది పెద్ద మరక ఒక్కటే. దాన్ని కొంచెం పరిచి, కొంచెం మెత్తబరచి, బటన్ నొక్కింది.

మరక పోయింది. తెగిపోయిందనుకున్న గెలాక్సీ చెయ్యి దాని కింద నుంచి ఎక్కడా ఆగకుండా సాగింది. చివర్లో గులాబీరంగు చుక్క ఒకటి వెలుగుతోంది. ఎవరూ పూసింది కాదు. అక్కడ నిజంగా ఉన్నది.

ఆమె అటు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూనే విరుచుకుపడింది.

"దీన్ని... దీని మీద నలుపు పూసేద్దామన్నావు నువ్వు!"

"అన్నాను. బుద్ధిలేక అన్నాను. తిట్టు."

ఆమె ఎంత వెతికినా తిట్టు దొరకలేదు.

ఆ బొమ్మని పెద్దగా ప్రింటు తీయించి నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అయితే నేను గొడుగు పట్టింది దీనికన్నమాట!" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఎదురింటావిడకి చూపించడానికి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక గొంతు తగ్గించి అడిగాడు:

"ఆ దుమ్ము తుడిచిన అబ్బాయి ఏమంటున్నాడు?"

"వాడి ఊసు ఇప్పుడెందుకు?"

"లంచ్ బాక్సులోకి రోజూ రెండు స్పూన్లు పోతున్నాయట. అమ్మ అడగమంది."

ఆ ఆదివారం అతను ఆమెని తమ ఇంటి మేడ మీదికి పిలిచాడు. తూర్పున స్కూలు ఆటస్థలం. గోడల్లేవు, ట్యాంకుల్లేవు, అంతా ఆకాశమే. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆమె టెలిస్కోపు నిలబెట్టి, మూతికి నాన్న బనియన్ కట్టింది.

"ఈసారి ఫ్లాట్లు ముందే," అంది. ఉన్నట్టుండి విసురుగా తిరిగింది. "తప్పు నాదేనని మొదటిరోజే తెలుసు నాకు."

"నాకూ తెలుసు."

"మరి అన్ని తిట్లు ఎందుకు పడ్డావు?"

అతను పిట్టగోడకి ఆనుకున్నాడు. "ఎన్నో కెమెరాలు తుడిచాను. అందరూ థాంక్స్ చెప్పి పోయారు. పోయిన దుమ్ము కోసం పరిగెత్తుకొచ్చింది నువ్వొక్కదానివే. ఒక మరక కింద ఏముందో తేలేదాకా వదలని మనిషి, నన్ను కూడా అలాగే వదలకుండా ఉంటే బాగుంటుందనిపించింది."

"నేను తిడతాను."

"తెలుసు. అయినా అడుగుతున్నాను. ఉంటావా?"

ఆమె మొహం కందిపోయింది. "ఇదా టైము అడగడానికి? వెలుగు పోతోంది! ఫ్లాట్లు అయ్యాక చెప్తా."

అతను నోరు మూసుకుని బటన్ నొక్కాడు. కెమెరా టిక్కుటిక్కుమంటూ బనియన్‌ని ఫోటోలు తీస్తోంది. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అతని అమ్మ చేతిలో తడిబట్టతో పైకి వచ్చింది.

"ఇదేనట్రా ఆ గొట్టం? ఇంత దుమ్ముందేంటి, ఆగు—"

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆవిడ బట్ట పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. కొడుకుని చూసింది. అమ్మాయిని చూసింది. గొట్టానికి కట్టిన బనియన్‌ని చూసింది.

"చిన్నప్పట్నుంచీ కంచం కూడా రెండుసార్లు తుడుచుకుని తినే పిల్లాడు, దుమ్ము ముట్టుకోవద్దంటున్నాడంటే..." ఆవిడ బట్ట భుజాన వేసుకుంది. "నువ్వేనా అమ్మా ఆ అమ్మాయివి?"

"అవునండీ," అంది ఆమె, చున్నీ సర్దుకుంటూ.

"మరి వీడు చెప్పినంత కోపంగా ఏం లేవే. పని అయ్యాక ఇద్దరూ కిందికి రండి, టీ పెడతాను." ఆవిడ వెళ్తూ వెళ్తూ మెట్ల మీద నుంచి ఇంట్లోకి కేకేసింది. "ఏమండీ, మేడ మీదికి ఎవరూ చీపురు తీసుకెళ్ళకండి!"

కెమెరా చప్పుడు ఆగింది.

"అయ్యాయి," అన్నాడతను.

ఆమె ఫోటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తరవాత అతని ఎదురుగా వచ్చి నిలబడి, అతని కళ్ళజోడు తీసి, చున్నీ కొసతో అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. గట్టిగా, ఇంకా కోపంగానే.

"నేను అడగలేదే," అన్నాడు, ఏమీ కనబడని కళ్ళతో ఆమె వైపు చూస్తూ.

"అడిగావు. ఇందాకే," అంది. కళ్ళజోడు అతని మొహం మీద తిన్నగా పెట్టింది.