సెకనుకు యాభైరెండు మెగాబైట్లు

సెకనుకు ఒక్క మెగాబైటు...

సంగన్న కళ్లు నులుముకుని మళ్లీ చూస్తాడు.

ఒక్కటే!

గోదావరిని ఉగ్గుగిన్నెతో తోడుతున్నట్టుంది. డిస్కు మూడువందల ఇరవై జీబీ. ఈ లెక్కన కాపీకి దాదాపు నాలుగు రోజులు.

చేతిలో ఉన్నది ఐదు గంటలు.

నాందేడ్ వజీరాబాద్ గల్లీలో అతని కంప్యూటర్ రిపేరు దుకాణం. మధ్యాహ్నం ఒంటిగంట. షట్టరు సగానికి దించి ఉంది. లోపల ముగ్గురు. సంగన్న, అతని అక్క సుమంగళ, భోకర్ పత్తి జిన్నింగు మిల్లు గుమస్తా దయానంద్.

సుమంగళ భర్త మారోతి ఆ మిల్లులోనే వాచ్‌మన్. మిల్లు లెక్కలు రాసే మున్షీని చంపాడని జైల్లో ఉన్నాడు. రేపే తీర్పు.

చంపింది మిల్లు సేటు. మిల్లు కెమెరా చూసింది!

కెమెరా చెడిపోయిందని పోలీసులకు చెప్పి, సేటు దాని డిస్కును బీరువాలో దాచాడు. వంగిన మేకును కూడా తిన్నగా కొట్టి దాచుకునే మనిషి. డిస్కు పగలగొట్టడానికి చెయ్యి రాలేదు.

ఇవాళ సేటు నిజామాబాద్ పోయాడు. దయానంద్ డిస్కును సంచిలో వేసుకుని మోటారు సైకిలెక్కాడు. చీకటి పడేలోపు అది తిరిగి బీరువాలో ఉండాలి. లేకుంటే దయానంద్ ఉండడు.

కెమెరా డిస్కును విండోస్ చదవదు. ఫార్మాట్ చేసేయనా అని అడుగుతుంది, దుర్మార్గురాలు. అందుకే సంగన్న తన కంప్యూటర్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, వర్చువల్ మెషీన్‌ని, లేపి అందులో లినక్స్ ఎక్కించాడు.

నత్తనడక అక్కడే!

సెట్టింగులు తిరగేస్తాడు. యూఎస్‌బీ పాత కాలపు వేగానికి కట్టేసి ఉంది. కట్టు విప్పుతాడు.

ఎనిమిది!

చాలదు... పదకొండు గంటలు.

కమాండు డేటాను చిటికెడు చిటికెడుగా తీస్తోంది. ఒక్కో విడతకు నాలుగు మెగాబైట్ల గంప చేతికిస్తాడు.

పదిహేను! ఇంకా ఆరు గంటలు...

గడియారంలో రెండున్నర.

కరెంటు పోయింది!

లోడ్‌షెడ్డింగ్. పొద్దున ఒక విడత పోయి వచ్చింది కదా, ఇక సాయంత్రం దాకా భయం లేదని ఊరంతా నమ్మినట్టే సంగన్నా నమ్మాడు. యూపీఎస్ మూడు నిమిషాలు కుయ్‌కుయ్‌మని చచ్చిపోయింది. అప్పటిదాకా చేసిన కాపీ కూడా దానితోనే.

దయానంద్ లేచి నిలబడతాడు. డిస్కు కోసం చెయ్యి చాస్తాడు.

"ఇచ్చెయ్ భావూ, పోత. నాకు ఇద్దరు పిల్లలున్నరు."

సుమంగళ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది.

"నాకు ఒక్కడే మొగడున్నడు, దయానంద్ అన్నా. కూసో."

దయానంద్ కూర్చుంటాడు.

సంగన్న ఊరుకోడు. టార్చి పళ్ల మధ్య కరచిపట్టి స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. కెమెరా డిస్కును యూఎస్‌బీ డబ్బాలోంచి పీకి, కాపీకి ఇంకో కొత్త ఖాళీ డిస్కు తీసి, రెండింటినీ కంప్యూటర్ లోపలి కేబుళ్లకే బిగిస్తాడు. వాటిని ఉన్నవి ఉన్నట్టే వర్చువల్ మెషీన్‌కి అప్పజెప్పాలి. మధ్యలో దళారి వద్దు.

మూడున్నరకు కరెంటు వచ్చింది. కమాండు వేళ్లకే కంఠస్థం. చకచకా కొడతాడు.

యాభైరెండు!

సంగన్న పకపకా నవ్వుతాడు. సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ కూడా పక్కకు జరిగి దారివ్వాల్సిందే!

ఐదుంబావుకు పూర్తి. కాపీ తెరిచి చూసేదాకా ఆగమన్నా దయానంద్ ఆగలేదు. డిస్కు లాక్కుని సంచిలో వేసుకున్నాడు. బండి భోకర్ రోడ్డు పట్టింది.

"పెట్టు తమ్మీ, సూస్త," అంది సుమంగళ.

సంగన్న కాపీ తెరుస్తాడు.

మొదట్లో ఏమీ లేదు. మధ్యలో లేదు. చివర్లో లేదు. సున్నాలు... గంటన్నర గాలిస్తాడు. అన్నీ సున్నాలే!

అప్పుడు చెయ్యి కేబుల్ మీద పడుతుంది.

మెషీన్‌కు డిస్కుల ముఖాలు తెలియవు. తగిలించిన వరుస ఒక్కటే తెలుసు. మొదటిది ఎ, రెండోది బి. మధ్యాహ్నం కెమెరా డిస్కు ఎ. టార్చి వెలుగులో బిగించినప్పుడు ఖాళీ డిస్కు ఎ అయింది. వేళ్లు మాత్రం పాత కమాండే కొట్టాయి.

ఎ లో ఉన్నది బి మీద రాయి...

సెకనుకు యాభైరెండు మెగాబైట్ల సున్నాలను బావ బతుకు మీద పోసింది తనే!

అక్కకు చెప్పాలని నోరు తెరుస్తాడు. ఫోను మోగుతుంది.

దయానంద్ నంబరు. గొంతు సేటుది. నిజామాబాద్ నుంచి ముందే తిరిగొచ్చాడు.

"మీ దోస్తు డిస్కు తెచ్చిండు. పెట్టి సూసిన. సాఫ్ తుడిచిండ్రు. ఇగ కాపీ తే."

"కాపీ లేదు సేట్. నా తాన ఉన్నది సుత ఖాళీనే. నేనే తప్పు జేసిన."

అవతల చిన్న నవ్వు.

"ఖాళీ చేసుకునేటందుకు భోకర్ నుంచి తెప్పిచ్చుకున్నవా? నన్నేం సమజ్ చేసుకున్నవ్ రా?"

వెనక దయానంద్ ఏడుస్తున్నాడు. ఇచ్చెయ్ భావూ, ఇచ్చెయ్ అంటున్నాడు. వాడు కూడా నమ్మడం లేదు...

ఉందని అబద్ధమాడితే? సేటు ఇక్కడికే వస్తాడు. గుమ్మంలో అక్క కూర్చుని ఉంది.

"ఆఖరిసారి అడుగుతున్న. కాపీ యాడున్నది?"

సంగన్న తెర వంక చూస్తాడు. సున్నా తర్వాత సున్నా...

"లేదు సేట్. మా అక్క మీద ఒట్టు, లేదు."

ఫోనులో ధాం!

దయానంద్ ఏడుపు ఆగింది.