మూడుసార్లు తిరిగొచ్చిన శాంపిల్

మూడోసారి కూడా శాంపిల్ ల్యాబ్ నుంచి తిరిగొచ్చేసరికి జూనియర్ సర్జన్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఫారం మీద అదే ఎర్ర ఇంకు: "పుండు పైపైన తుడిచి పంపారు. పనికిరాదు."

తొమ్మిదో బెడ్ మీద పేషెంటు ఒక దర్జీ. షుగర్‌తో పాదాలకి స్పర్శ పోయింది. కుడి బొటనవేలి కింద విరిగిన సూది దిగితే నాలుగు రోజులు తెలియనే లేదట. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది గానీ, అంచనాగా ఇచ్చిన మందుకి చీము లొంగడం లేదు. ఎరుపు పాదం మీదకి పాకుతోంది. ఇలాగే పాకితే వేలు తీసేయాల్సి వస్తుందని పెద్ద డాక్టర్ చెప్పేశారు.

"వేలు పోతే మిషన్ తొక్కేదెలా బాబూ?" అన్నాడు దర్జీ. "మా అమ్మాయికి మాత్రం కబురు పెట్టకండి. తెలిస్తే రెండో కాలు తనే విరగ్గొడుతుంది."

సర్జన్ విసవిసా మెట్లు దిగి కింద ల్యాబ్‌లోకి వెళ్ళాడు.

"మేడమ్, మీకేమైనా నా మీద పగా?"

శాంపిల్స్ చూసే ల్యాబ్ డాక్టరమ్మాయి మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు. "మీరెవరో తెలిస్తే కదా పగ!"

"తొమ్మిదో బెడ్!"

"ఓహో, ఆ మహానుభావులు మీరేనా! పుండు కడక్కుండా పైన తుడిస్తే చర్మం మీద ఊరికే తిరిగే బాక్టీరియా అంతా పెరుగుతుంది. అందులో దొంగ ఎవరని చెప్పను? సెలైన్‌తో కడగాలి. చచ్చిన కండ తీసేయాలి. అప్పుడు అడుగు నుంచి చిన్న ముక్క తీసి పంపాలి. ఇది మూడుసార్లు రాశాను."

"మూడుసార్లూ 'పనికిరాదు' అనే రాశారు!"

"వెనక్కి తిప్పి చూశారా?"

తిప్పాడు. వెనకంతా వివరంగా ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పదండి, చూపిస్తాను. మీతో వేగలేక చస్తున్నాను," అంటూ ఆమె ముందు నడిచింది.

వార్డు గుమ్మంలోనే ఠక్కున ఆగిపోయింది. తొమ్మిదో బెడ్ మీద దర్జీ దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు.

"నాన్నా! అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళానన్నావు!"

దుప్పటి లోంచి గొంతు వచ్చింది. "నువ్వు ల్యాబ్ దాటి పైకి రావు కదా అని ధైర్యం చేశానమ్మా."

నంబరు తప్ప పేరు లేని ఆ శాంపిల్స్ నాన్నవే. ఆమెకి తిట్లూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తిట్లే ముందు వచ్చాయి. కళ్ళు తుడుచుకుంటూ సర్జన్ వైపు తిరిగింది.

"చూస్తారేంటి? కడగండి!"

అతను ఆమె చెప్పినట్టే చేశాడు. నాలుగో ఫారం మీద మొదటిసారి నీలం ఇంకు పడింది: "అందింది." రెండు రోజులకి రిపోర్టులో ఒకే ఒక్క బాక్టీరియా తేలింది, దాన్ని చంపే మందుతో సహా. మందు మార్చారు. వారానికి ఎరుపు వెనక్కి తగ్గింది, వేలు దక్కింది.

డిశ్చార్జ్ రోజు ల్యాబ్‌కి ఇంకో ఫారం వెళ్ళింది. పేషెంటు: జూనియర్ సర్జన్. బాధ: పని లేకపోయినా మెట్లు దిగాలనిపించడం.

పది నిమిషాల్లో ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది. ఈసారి బుద్ధిగా వెనక్కి తిప్పి చూశాడు. "పైపైన రాశారు. లోపలున్నది స్వయంగా తెచ్చి ఇవ్వాలి."

పరుగున వెళ్ళేసరికి దర్జీ అక్కడే, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"సరిగ్గా చెప్పు బాబూ. మళ్ళీ తిప్పికొడితే ఇంట్లో ఆ చిరాకంతా పడేది నేనే."

అతను ఫారం ఆమె ముందు పెట్టాడు. "మీరు తిట్టని రోజు నాకు ఏమీ తోచట్లేదు. పెళ్ళి చేసుకుని రోజూ తిట్టించుకోవాలనుంది."

ఆమె నవ్వాపుకుంటూ ఎర్ర పెన్ను డ్రాయర్లో పడేసింది. నీలం పెన్ను తీసి, ఫారం దగ్గరకి లాక్కుని రాసింది.

"అందింది."