పాపన్న వదిలిన సందు

1986, ఏప్రిల్. మదనపల్లెలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ గోవిందప్ప హత్య జరిగిన మర్నాడే ఏజెంట్ చెంగల్రాయుడికి పిలుపొచ్చింది.

హార్స్లీ హిల్స్ గెస్ట్‌హౌస్‌లో చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. పాపన్న వర్క్‌షాప్‌లో తయారైన మూడు ఫ్లైట్ సిమ్యులేటర్ జాయ్‌స్టిక్‌లు మూడు పెట్టెల్లో, కుప్పం నుంచి మద్రాసు రైల్లో శాంపిల్‌గా విదేశానికి పోతున్నాయి. శత్రుముఠా ఒకదాని బదులు తాము చేసిన నకలు పెట్టి, దాని పిడిలో మన యుద్ధవిమానం డ్రాయింగుల మైక్రోఫిల్మ్ పెట్టింది. సరుకు ఆపితే ముఠాలో మన మనిషిగా ఉన్న ప్రమీలను చంపేస్తారు. అందుకే ఆ నకలేదో కనిపెట్టి, ఎవరికీ తెలియకుండా మార్చెయ్యాలి.

“అసలు ఆమె మన మనిషేనా?” అన్నాడు చెంగల్రాయుడు.

“గోవిందప్ప కూడా ఆమెనే నమ్మాడు,” అన్నాడు చీఫ్.

చెంగల్రాయుడికి ఆ మాట మింగుడుపడలేదు. మదనపల్లెలో పాపన్న దగ్గర, నకలు స్థానంలో పెట్టడానికి, నాలుగో జాయ్‌స్టిక్ తీసుకుని ఊపి చూశాడు. మధ్యలో కాస్త కదులుతోంది. ఇదేం పనితనమని అడిగాడు.

“ఎండకి ప్లాస్టిక్ ఉబ్బుతాది సామీ. పేకముక్క మందం సందు ఇడస్లేదంటే మద్యానానికి పట్టేస్తాది. నేను సేసిందేదైనా ఇంతే,” అన్నాడు పాపన్న.

మర్నాడు పొద్దున పుంగనూరు పశువుల సంతలో చెంగల్రాయుడు దళారి వేషంలో పెట్టుడు మీసం తడుముకుంటూ నిలబడ్డాడు. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీరతో ప్రమీల వచ్చింది. సంతంతా ఆమెనే చూసింది. ముఠా మనిషి దొరస్వామి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

“పొట్టి ఆవు యాడన్నా ఉండాదా అప్పా?” అంది. అది కోడ్‌వర్డ్.

బేరం మామూలుగానే టవలు కింద, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటూ సాగింది. ఆమె అతని మూడు వేళ్లు గట్టిగా నొక్కింది. మూడో పెట్టె. నమ్మాలా, వద్దా? కుప్పం చేరేదాకా జీపులో అతను కుదురుగా కూర్చోలేకపోయాడు.

కుప్పం స్టేషన్‌లో మీసం లేదు. సఫారీ సూట్, గోవిందప్ప స్థానంలో వచ్చిన ఇన్‌స్పెక్టర్‌గా గుర్తింపు కార్డు. మద్రాసు రైలుకు నాలుగు నిమిషాలుంది. దొరస్వామి జేబులోంచి చెయ్యి తీయడం లేదు. పక్కనే ప్రమీల.

పెన్నులో దాచిన స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో జాయ్‌స్టిక్‌లను తూచి చూశాడు. మూడూ ఒకే బరువు చూపించాయి. బటన్లు, థ్రాటిల్ చక్రం, అడుగున రబ్బరు పట్టు, దేన్లోనూ తేడా లేదు. రైలు సిగ్నల్ పడింది. చెమట తుడుచుకుంటున్నట్టు టవలు పరిచి, దాని కింద వేళ్లతో ఒక్కో స్టిక్‌నూ ఊపాడు.

మొదటిది ఊగింది. రెండోది ఊగింది. మూడోది ఊగలేదు. మధ్యలో వచ్చి ఠక్కున నిలబడింది. అంత చక్కగా పాపన్న జన్మలో చెయ్యడు.

ప్రమీల నిజమే చెప్పింది. అనుమానించినందుకు చెంగల్రాయుడికి సిగ్గేసింది.

“ఎంతసేపు సార్? రైలొస్తాండాది,” అన్నాడు దొరస్వామి, టవలు అంచు పట్టుకుని.

అతను టవలు లాగేలోగా మూడో స్టిక్ అతని సంచిలోకి జారింది. నాలుగోది పెట్టెలో కూర్చుంది.

“పాస్,” అన్నాడు చెంగల్రాయుడు, మూడు పెట్టెలకూ సీలు వేస్తూ.

రైలు కదిలింది. కిటికీలోంచి ప్రమీల వెనక్కి తిరిగి చూడలేదు. ప్రాణాలతో ఉంది, అది చాలు.

ఆ సాయంత్రం చెంగల్రాయుడు రిపోర్టు రాశాడు. “మూడింటిలో నాణ్యమైనది శత్రువులదే. కనుక ఎగుమతి చేయలేదు. దేశంలోనే ఉంచుకున్నాం.”