ముందు వండాల్సిన ఫైలు

“మధ్యాహ్నం జొహర్ అజాన్ వినపడగానే ఆ ముఠావాళ్లు క్లోరిన్ వాల్వ్ బార్లా తెరుస్తారట. ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది రవూఫ్!” ఫోన్లో అరిచాడు బ్రిగేడియర్ షుక్రీ.

“తెరవలేరు సార్. వాళ్లు కొట్టేసింది పాత కీ, అంటే పాత పాస్‌వర్డ్. పొద్దున్నే కొత్త కీ పెట్టి ప్రోగ్రాం మళ్లీ బిల్డ్ చేశా.”

“ఇందాకే సిస్టం లోపలికొచ్చి ఒక పంపు ఆపి చూపించారయ్యా!”

అలెగ్జాండ్రియా నీటి ప్లాంట్ కంట్రోల్ రూంలో ఏజెంట్ రవూఫ్ నిలువునా నీరుగారిపోయాడు. అతిమధురం షర్బత్ అమ్మేవాడి వేషం ఇంకా విప్పనేలేదు. కొత్త కీ తెలిసింది ఇద్దరికే. తనకి, నెర్మీన్‌కి. ముఠాలో మన మనిషిగా తిరిగే డబుల్ ఏజెంట్ ఆమె.

ముఠా దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన ఆమెకి అందరి ముందూ బేడీలు వేశాడు.

“ఎంతకి అమ్ముకున్నావే?”

నెర్మీన్ నల్లకళ్లద్దాల వెనక నుంచి తాపీగా చూసింది. “నా చెవిపోగులో కెమెరా ఉంది హీరో. వాళ్లేం టైప్ చేశారో చూసి, తర్వాత తిట్టు.”

వీడియో పెట్టాడు. వాళ్లు కొట్టింది పాత కీ! అదే పనిచేసింది!

“పొద్దున ఎలా బిల్డ్ చేశావ్?” అడిగింది నెర్మీన్.

“తొందరగా అవుతుందని... ఫైళ్లన్నీ ఒకేసారి కంపైల్ అయ్యేలా...”

“ముందు కీ ఉండే హెడర్ ఫైలు తయారవ్వాలి, ఆ తర్వాతే దాన్ని చూసి కీ సరిపోల్చే గేట్ ఫైలు. ఆ మాట, ఏది ముందో ఏది వెనకో చెప్పే మేక్‌ఫైల్లో రాయమని చెప్పానా? ‘ఆర్డర్‌దేముంది, చివరికి అన్నీ ఒకచోటే కలుస్తాయిగా’ అన్నావ్.”

గేట్ ఫైలు కొత్త హెడర్ కోసం ఆగలేదు. అక్కడ పడున్న, పాత కీ ఉన్న హెడర్‌నే మింగేసింది. రవూఫ్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. షర్బత్ వేషం కోసం నడుముకి కట్టిన ఇత్తడి కప్పులు గల్లుమంటుంటే సిగ్గు మరింత పెరిగింది.

పాత ఫైళ్లన్నీ చెరిపేశాడు. ముందు కీ హెడర్, తర్వాత గేట్ ఫైలు, ఆ వెనకే మిగతావి, ఒక్కొక్కటే. కొత్త ప్రోగ్రాం ఎక్కించి ఎంటర్ కొట్టాడు.

బయట అజాన్ మొదలైంది.

తెర మీద ఎర్రగా మెరిసింది: ‘కీ తప్పు.’ మళ్లీ. మళ్లీ. వాల్వ్ కదల్లేదు.

“వాళ్లున్న గది అడ్రస్ కూడా ఆ వీడియోలోనే ఉంది. నువ్వు అడగలేదుగా,” అంది నెర్మీన్.

అడ్రస్ బ్రిగేడియర్‌కి చెప్పేసి, రవూఫ్ తల దించుకుని బేడీల తాళం తీయబోయాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

“ముందు క్షమాపణ. తర్వాత బేడీలు. ఈసారైనా ఆర్డర్ తప్పకు.”