అడగడమే తప్ప చెప్పని మాస్టారు

"నేర్చుకోవడమంటే కొత్తగా తెలుసుకోవడం కాదు. ఆత్మకు ముందే తెలిసింది గుర్తు తెచ్చుకోవడం. పాతకాలపు గ్రీకు పండితుల మాట ఇది," అన్నాడు హయాత్ ఫిలాసఫీ క్లాసులో.

కిటికీ అవతల నుంచి ఓ గొంతు. "అన్నీ ముందే తెలిస్తే మీకు జీతమెందుకండీ?"

క్లాసంతా గొల్లుమంది. ఆమె అఫ్రోజ్, ఒంగోలు కాలేజీలో ఆ వారమే చేరిన మ్యాథ్స్ లెక్చరర్. హయాత్‌కు కోపం రావాలి. రాలేదు. చేతిలో చాక్‌పీసు మాత్రం జారిపోయింది.

ఆనాటి నుంచి స్టాఫ్ రూంలో రోజూ ఇదే పేచీ. టీ చల్లారేది గానీ పేచీ చల్లారేది కాదు.

ఓ రోజు ఆమే అంది. "శుక్రవారం వేటపాలెం నుంచి పెళ్లిచూపులకి వస్తున్నారు. నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు."

హయాత్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మరి మీరు?"

"ముందు మీ గ్రీకు విద్య మా నాన్న మీద చేసి చూపించండి. ఏదీ చెప్పకూడదు, ఆయనకే గుర్తొచ్చేలా అడగాలంతే. గెలిస్తే మీ గురించి నాన్నతో మాట్లాడతా."

"నా గురించి ఏం మాట్లాడతారు?"

"అదీ నేనే చెప్పాలా? గుర్తు తెచ్చుకోండి!"

మర్నాడు మార్టూరు దగ్గర మిర్చి కల్లంలో తుమ్ముతూ నిలబడ్డాడు హయాత్. అఫ్రోజ్ తండ్రి రంజాన్ గారు చిరాకు మీదున్నారు. ఈసారి కాయ రెట్టింపు వచ్చింది. నలుచదరపు కల్లాన్ని రెట్టింపు చేద్దామని నాలుగు పక్కలూ రెట్టింపు చేసి తాడు పట్టారు. తాడు కాస్తా పక్కవాళ్ల పత్తిచేలోకి పోయింది.

"ఈ తాడు లోపల పాత కల్లాలు ఎన్ని పడతాయండీ?" అన్నాడు హయాత్.

"నాలుగు! అరె, నాక్కావాల్సింది రెండేగా?"

"ఒక్కోదానికి మూల నుంచి మూలకి గీత గీస్తే?"

"సగమవుద్ది."

"అలాంటి సగాలు నాలుగు కలిపితే?"

"రెండు కల్లాలు!" రంజాన్ గారు తాడు పట్టుకుని పరుగెత్తారు. "ఈ మూల నుంచి ఆ మూలకి ఎంతుందో, కొత్తదానికి పక్క అంతుంటే చాలు!"

కొత్త కల్లం ఆయన గట్టు దాటలేదు.

"ఏం మాస్టారూ, వచ్చిన కాడ్నించి అడగడమేగానీ ఒక్కటీ చెప్పరే?"

"ఇంకొక్కటి అడగనాండీ?" హయాత్ ఓ అడుగు ముందుకేశాడు.

"అక్కర్లేదు."

హయాత్ ఆ అడుగు వెనక్కి వేశాడు.

"అన్నం తింటా కూడా ఫిలాసఫీ మాస్టారట్టా అన్నారు, ఇట్టా అన్నారు అంటా ఉంటది మా పిల్ల. మిరపకాయ దాచినా ఘాటు దాగుద్దా?" అంటూ ఆయన ఫోన్ తీశారు. వేటపాలెం వాళ్లకి రావద్దని మర్యాదగా చెప్పడానికి పక్కకి నడిచారు.

మిర్చి రాశి వెనక నుంచి అఫ్రోజ్ తొంగిచూసింది. "ఆ ఇంకొక్కటీ నన్నడగండి."

"అఫ్రోజ్, మీరు..."

"సరే!"

"నేనింకా అడగలేదుగా?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "నాకు ముందే తెలుసండీ!"