మూల దాటిన గీత

విషం కలిపిన కాఫీ తాగినవాడు ఎంతసేపు బతుకుతాడో డాక్టర్లు చెప్పగలరు. ఆ కాస్తలో ఎంత పొడుగు గీత గీస్తాడో చెప్పలేరు. ఊళ్ళో పేరుమోసిన ముసలి ఆర్కిటెక్టు డ్రాయింగ్ బోర్డు మీదే తల వాల్చేశాడు. పెన్సిలు మాత్రం వేళ్ళ మధ్య నుంచి జారలేదు.

రెండు రోజుల తర్వాత ఏజెంట్ రబ్బరుకి ఫోన్ వచ్చింది.

"స్కేలెంత?"

"ఒకటికి వంద."

కోడ్ కలిసింది. చీఫ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ముసలాయన డిజైన్ చేసిన సభామందిరం ఇవాళే తెరుస్తున్నారు. విదేశీ ముఠా అందులో ఎక్కడో బాంబు దాచింది. కుక్కలూ స్కానర్లూ వెతికి చేతులెత్తేశాయి. జనాన్ని లేపితే వాళ్ళు బటన్ నొక్కేస్తారు.

"స్టేజీ మీద తండ్రి బదులు మాట్లాడేది మీ ఆవిడే. నీకు చెప్పక్కర్లేదనుకో."

చెప్పక్కర్లేదు. పోయినాయన రబ్బరుకి మేనమామ, పిల్లనిచ్చిన మామ. ఆ పేరు పెట్టిందీ ఆయనే. వయసులో ఉండగా ఆయన దగ్గర పనికి చేరి, గీసినదానికన్నా చెరిపింది ఎక్కువ. ఆనవాళ్ళు చెరిపే ఉద్యోగంలో ఇప్పుడా విద్యే అన్నం పెడుతోంది.

ఏసీ బాగుచేసేవాడి వేషంలో మామయ్య ఆఫీసుకి వెళ్ళి పోలీసుల సీలు విప్పాడు. లోపల అప్పుడే చెక్కిన పెన్సిలు పొట్టు వాసన. కిటికీలోంచి రోడ్డవతల మందిరం కనిపిస్తోంది. ఖాళీ కుర్చీ కిర్రుమంది. పాత కుర్చీలు కిర్రుమంటాయి, నిజమే. కానీ ఇది మామయ్య విసుక్కున్నప్పుడు వినిపించే కిర్రు.

వెనకే మామయ్య అసిస్టెంటు వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, గది నిండా సెంటు. ముఠా కబుర్లు రబ్బరు పనిచేసే గూఢచారి శాఖకి చేరవేసేదీ ఆవిడే.

"మోడలంతా కంప్యూటర్లో ఉంది కదండీ. ఇంకా ఈ కాగితాలెందుకు?"

రబ్బరు చెవిలో మామయ్య గొణిగినట్టయింది. గీయడమంటే చూపించుకోవడం కాదురా, ఆలోచించడం. చెయ్యి కదిలితేగాని గోడ ఎక్కడుండాలో నాకే తెలీదు.

బోర్డు మీద స్టేజీ ప్లాను ఉంది. మూల దగ్గర గీత ఆపడం మామయ్యకి చేతకాదు. రెండు గీతలూ ఒకదాన్నొకటి కాస్త దాటాల్సిందే. గోడలు చేతులు పట్టుకోవాలిరా అనేవాడు. కాగితం మీద మూలలన్నీ అలా దాటుకున్నవే. స్టేజీ వెనక ఎడమ గోడకి మాత్రం కత్తిరించినట్టు ఆగిపోయాయి. దానికీ ఒక్క మూలలో ఒక గీత వణుకుతూ బయటికి పాకింది. చచ్చేవాడి చెయ్యి జారిందని పోలీసులు రాసుకున్నారు.

జారలేదు. తప్పు దిద్దుతున్నాడు.

ఆ గోడ ఆయనది కాదు. కట్టేవాళ్ళకి పంపేముందు ఎవరో ఆయన చేతిని అనుకరించి ఇరికించారు. ఆయన ఆలస్యంగా పసిగట్టాడు. అందుకే ఆ కాఫీ.

రబ్బరు చెవి వెనక పెన్సిలు తీసి, ఏమీ తోచనివాడిలా బోర్డు మీద టకటకలాడించాడు. అది ట్రాన్స్‌మిటర్. ఎడమ గోడ పగలగొట్టమని చీఫ్‌కి కబురు వెళ్ళింది.

రోడ్డవతల మైకులో భార్య గొంతు మొదలైంది. అసిస్టెంటు కిటికీ దగ్గరికి జరిగి లిప్‌స్టిక్ మూత తీసింది.

"మేడం, ఒక్క మూల గీసిపెడతారా? మామయ్య దగ్గర నేర్చుకున్న చెయ్యి కదా."

పొగిడితే చేదా? నవ్వుతూ గీసింది. గీతలు నీటుగా కలిసి, కలిసినచోటే ఆగిపోయాయి.

"మీ గోడలు చేతులు పట్టుకోవు."

ఆవిడ నవ్వు చెరిగిపోయింది. "మీ మామగారూ అదే అన్నారు. కాఫీ తాగుతూ." లిప్‌స్టిక్ అడుగునున్న బటన్ నొక్కేసింది.

మైకులో గొంతు ఆగింది. రబ్బరు కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత చప్పట్లు వినిపించాయి. చేతిలో పెన్సిలు టక్కుమంది, చీఫ్ కబురు. వైరు తెగింది.

ఆవిడని తీసుకుపోయి గదికి మళ్ళీ సీలు వేశారు. మర్నాడు సీలు విప్పితే, ఆ దొంగ గోడకి మిగిలిన మూలలన్నీ దాటుకుని ఉన్నాయి. ఈసారి గీత వణకలేదు. బోర్డు మీద తాజా పొట్టు ఉంది.

చీఫ్ ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. సాక్ష్యాలన్నీ పెట్టెకెక్కించి మామయ్య పెన్సిలు మాత్రం అక్కడే వదిలేయమన్నాడు. పని మధ్యలో ఉన్న మనిషి చేతిలోంచి పెన్సిలు లాక్కునే ధైర్యం శాఖలో ఎవరికీ లేదు మరి.